మగ్గుకి కట్టిన తాడు

మొన్న మధ్యాహ్నం కూలరు ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. మా మనవరాలు పింకీ టీవీలో ఏదో సినిమా పెట్టుకుంది. నా చూపు చింతపండు మీదే ఉంది కానీ చెవులకి పనేముంది. రైలు కూత వినబడింది. ఆ వెనకే ఎవరో గటగటా నీళ్ళు తాగుతున్న చప్పుడు. ఎండిపోయిన గొంతులోకి నీళ్ళు దిగే చప్పుడు ఎక్కడ విన్నా నాకు పోల్చుకోవడం వచ్చు. తలెత్తి చూశాను. రైలు కిటికీ పక్కన ఒక పిల్ల, దాని పక్కన ఒక మగవాడు. కిటికీ బయటినుంచి ఎవరిదో చెయ్యి నీళ్ళ సీసా అందిస్తే ఆ పిల్ల లాక్కుని తాగేస్తోంది.

"ఆ పిల్లని అమ్మేశారు అమ్మమ్మా. బోర్డర్ దాటించి ఇంకో దేశం తీసుకుపోతన్నారు. ఆ పక్కనోడు ఉన్నాడు కదా, వహీ హై ఏజెంటు" అంది పింకీ.

"అలాంటి పిల్ల ఇలా తాగదే" అన్నాను.

"మరెలా తాగుతాది?"

"ముందు ఆడి మొకం సూత్తాది. ఆడు తలూపినాకే తాగుతాది."

పింకీ సినిమా ఆపి నాకేసి తిరిగింది. "నీకెవరు చెప్పారు?"

"పైడమ్మత్త."

"పైడమ్మత్త కౌన్?"

ఈ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకి పైడమ్మత్త ఎవరో తెలియదు. తప్పు దానిది కాదు. ఆవిడ గురించి చెప్పడానికి ఎప్పుడు నోరు తెరిచినా ఆవిడ కూతురు గౌరి దగ్గరికొచ్చేసరికి ఏదో పని కల్పించుకుని లేచిపోతాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పైడమ్మత్త నాకు చుట్టం కాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో వాళ్ళ క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటుండేది, అంతే. వాళ్ళాయన అప్పారావు మావ షెడ్డులో ఫిట్టరు, మా ఆయన అక్కడే ఖలాసీ. వాళ్ళది విజయనగరం వైపు, మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు నాకు హిందీ ఒక్క ముక్క రాదు. కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడితే, వెనకొచ్చిన వాళ్ళు నన్ను తోసుకుని నీళ్ళు పట్టుకుపోయేవారు. నేను వాళ్ళ మొహాలు చూస్తూ నిలబడేదాన్ని. ఒకరోజు గోడ మీదనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఒలే, ఎవరి కోడలివే నువ్వు? అలా బొమ్మలా నిలబడితే నీళ్ళు ఆటంతట అయ్యే బిందెలోకి దూకుతాయేటి?"

"ఈళ్ళ మాట నాకు రాదత్తా."

"మాటేటి పెద్ద. 'పహలే మై' అను, ముందు నాను అని. మిగతాది బిందె సూసుకుంటాది."

అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆవిడ చీపురు పట్టుకుని గోడ దాటొచ్చి నా పక్కన నిలబడింది. "షెడ్డు దాకా ఇనబడాల" అంది. ఈసారి గట్టిగా అన్నాను. ముందున్న ఆవిడ పక్కకి జరిగింది. "సదువైపోనాది. ఫీజు కింద సాయంత్రం ఇంత పులుసు పంపించు" అని పైడమ్మత్త మళ్ళీ గోడెక్కి వెళ్ళిపోయింది. ఎదుటి మనిషి మొహం చూసి నోరు మూసుకోవడమనే జబ్బు నాకు పుట్టింటినుంచీ ఉండేది. దాన్ని మాన్పించింది ఆవిడే. బజారులో బేరమాడడం, ఆసుపత్రిలో డాక్టరుని మళ్ళీ అడగడం, ఇంట్లో మా ఆయన్ని కాదనడం, అన్నీ ఆ గోడ పక్కనే నేర్చుకున్నాను.

ఆవిడకి ఒక్కతే కూతురు, గౌరి. వయసులో నాకంటే కాస్త చిన్నది. కుట్టుమిషను తొక్కుతూ కబుర్లు చెప్పేది, కబురు మధ్యలో దారం తెగితే దారాన్ని తిట్టేది. అప్పారావు మావ రిటైరయ్యే రోజులు దగ్గర పడ్డాయి. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సొంతూళ్ళో వాళ్ళకి ఏమీ మిగల్లేదు. ఈ ఊళ్ళోనే తార్‌బహార్‌లో రెండు గదుల ఇల్లు కట్టి అమ్మానాన్నల్ని అందులో పెట్టాలని గౌరి కోరిక. "వీధి వైపు కిటికీ ఉండాల సూరమ్మొదినా, అమ్మ కూకొని అందరికీ సలహాలిచ్చుకుంటాది" అనేది.

అలాంటి రోజుల్లో రమణ అనేవాడు వచ్చాడు. గల్ఫ్‌లో పెద్దవాళ్ళ ఇంట్లో పసిబిడ్డని చూసుకునే పని ఉందన్నాడు. హిందీలో చెప్పి ఉంటే పైడమ్మత్త గుమ్మంలోంచే పంపించేసేది. వాడు చెప్పులు బయట విడిచి, వంటింటికేసి చూసి, "ఏటి పెద్దమ్మా, కూరేటి ఒండేవు? వాసన మా అమ్మని గుర్తు సేత్తంది" అన్నాడు. ఆ బలహీనత ఈ ఊళ్ళో ఉన్న మాలాంటి వాళ్ళకే తెలుస్తుంది. పగలంతా హిందీ, ఛత్తీస్‌గఢీ మధ్య తిరిగి ఇల్లు చేరినవాళ్ళని మన యాసలో ఒకరు పలకరిస్తే చాలు, మనసు చాప పరిచేస్తుంది. వాడు ఆ ఇంట్లో భోజనం చేశాడు. అప్పారావు మావతో ఊళ్ళ పేర్లు, తీర్థాల పేర్లు కలబోసుకున్నాడు. వాడు వెళ్ళాక నేను ఎవడత్తా వీడు అని అడిగితే, "మనోడేనే" అంది. ఇంకేం అడగాలో ఆవిడకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

గౌరిని బొంబాయి బండి ఎక్కించడానికి మేమంతా స్టేషనుకి వెళ్ళాం. మండే ఎండలు. పైడమ్మత్త ఇంటినుంచి కుండనీళ్ళు తెచ్చింది. తన పేరు చెక్కించుకున్న స్టీలు మగ్గులో పోసి కిటికీలోంచి అందించింది. గౌరి మగ్గు పట్టుకుని, తాగకుండా పక్కకి తిరిగింది. పక్కన రమణ ఉన్నాడు. వాడు చిన్నగా తలూపాడు. అప్పుడు తాగింది. నేను చూశాను, పైడమ్మత్తా చూసింది. ఇంతలో బండి కదిలింది. మగ్గు గౌరి చేతిలోనే ఉండిపోయింది. "అమ్మా, మగ్గూ" అని అది నవ్వుతూ అరిచింది. "ఉంచుకో, ఒచ్చినప్పుడు తెద్దువు గానీ" అని ఈవిడ అరిచింది. దారిలో నాతో, "మగ్గు మీద నా పేరుంది, దాన్ని ఇచ్చీడానికైనా ఒస్తాది" అని నవ్వింది.

మా వరసలో సెల్‌ఫోను మా ఇంట్లోనే ఉండేది. గౌరి ఫోను చేస్తే నేను గోడ దగ్గరికెళ్ళి పిలిచేదాన్ని. మొదట్లో బాగానే ఉన్నానంది. తరవాత మాట తగ్గింది, ఫోన్లూ తగ్గాయి. ఆఖరి ఫోను వచ్చినప్పుడు పైడమ్మత్త చేతికి పిండి అంటుకుని ఉంటే నేనే ఫోను ఆవిడ చెవికి ఆనించి పట్టుకున్నాను. గౌరి మాటలు నాకూ వినబడుతున్నాయి.

"అమ్మా, ఆ ఇంట్లోంచి మార్చీసినారు. వేనులో పడుకోబెట్టి పైన దుప్పట్లు కప్పి ఇసకలోంచి తెచ్చినారు. ఇది ఇంకో దేశమంట. పాస్‌పోర్టు నా దగ్గర లేదు."

"ఏ దేశమే? బోర్డేటైనా ఉంటే సూసి సెప్పు."

"ఆ అచ్చరాలు నాకు రావమ్మా."

పైడమ్మత్త ఫోనుకి ఇంకా దగ్గరగా వంగింది. "నీళ్ళేనా సరిగ్గా తాగుతన్నావా?" అంది.

"అడిగితే తాగనిత్తన్నారు" అంది గౌరి.

ఫోను ఆగిపోయింది. తిరిగి చేస్తే మోగలేదు, ఆ తరవాత ఎప్పుడూ మోగలేదు. పైడమ్మత్త వేళ్ళకి ఎండిన పిండి గోళ్ళతో గీక్కుంటూ కూర్చుంది. "ఆ రోజే అడిగి తాగినాది సూరమ్మా. నా ఎదురుగానే. నా సేతి నీళ్ళు, ఆడినడిగి తాగినాది" అంది.

తిరగని ఆఫీసు లేదు. ఒకచోట, ఇష్టపడే వెళ్ళింది కదా అన్నారు. ఇంకోచోట, ఏ దేశంలో ఉందో చెబితే రాస్తామన్నారు. రమణ చెప్పిన ఊళ్ళో రమణ అనేవాడు లేడు. అప్పారావు మావ రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, తార్‌బహార్‌లో అద్దెకి దిగిన ఏడాదే పోయాడు. ఆ గదికి వీధి వైపు కిటికీ లేదు.

ఎండాకాలం వస్తే మా స్టేషనులో కొందరు జనరల్ పెట్టెల్లో వాళ్ళకి కిటికీల్లోంచి నీళ్ళు పోస్తారు. పైడమ్మత్త వాళ్ళలో చేరింది. ఇంకో మగ్గు కొని, దానికి తాడు కట్టి, ఆ తాడు మణికట్టుకి చుట్టుకునేది. "మగ్గుని కూడా దొంగలెత్తుకుపోతారా అమ్మా" అని మిగతావాళ్ళు నవ్వేవారు. "మా ఇంట్లోవి ఎత్తుకుపోతారు బాబూ" అనేది. నన్నూ తీసుకెళ్ళేది. "మగ్గు కేసి సూడకు, కళ్ళు సూడు. దాహమేసిన మనిషికి నీళ్ళు తప్ప ఇంకోటి కనబడకూడదు. ముందు పక్కోడి మొకం సూసిందంటే ఆ ఆడగుంట దాహం దాని సేతిలో లేదు" అని నేర్పింది.

ఒక మధ్యాహ్నం అలాంటి పిల్ల కనబడింది. సర్‌గుజా కొండల వైపు పిల్ల. వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నవాడి మొహం చూసి, వాడు తలూపాక తాగింది. పైడమ్మత్త మగ్గు వదలకుండా పేరడిగింది. పిల్ల మళ్ళీ వాడికేసి చూసింది. నా మేనకోడలు, ఢిల్లీలో పనికి తీసుకెళ్తున్నాను అని వాడు హిందీలో చెప్పాడు. "అచ్ఛా. మీ అప్ప, అదే దీని తల్లి పేరేటి మరి?" అని ఈవిడ హిందీలో అడిగింది. వాడి చెయ్యి వేరుశెనక్కాయల పొట్లంలో ఆగిపోయింది. అంతే, పైడమ్మత్త కేకలు మొదలెట్టింది. నేను తలుపుకి అడ్డంగా నిలబడి, కుళాయి దగ్గర నేర్చుకున్న గొంతుతో పోలీసుల్ని పిలిచాను. వాడు అవతలి వైపు దూకి పారిపోయాడు. పిల్ల దిగింది.

పేరు ఫూల్‌మతి. పోలీసుల గదిలో దాని పక్కనే కూర్చున్నాం. నీళ్ళిస్తే ఈసారి పైడమ్మత్త మొహం చూసింది. "నాకేసి ఏల సూత్తావమ్మా? దాహం నీది. ఎవరికేసీ సూడకు, తాగీ" అని ఆవిడ హిందీలో, తెలుగులో, వచ్చిన భాషలన్నిటిలో చెప్పింది. పిల్ల తాగింది. దాన్ని ఇంటికి పంపించారని తెలిసిన రోజు పైడమ్మత్త బూరెలు వండింది. గౌరి వెళ్ళాక ఆ ఇంట్లో నూనె మూకుడు పొయ్యెక్కడం అదే మొదలు.

మరుసటి వేసవిలో కిటికీ దగ్గర మళ్ళీ అదే మొహం. జుట్టు కత్తిరించారు, పెదాలకి రంగు. పక్కన శుభ్రమైన చీరలో ఒక ఆడమనిషి. పైడమ్మత్త మగ్గు అందించింది. ఫూల్‌మతి ఎవరికేసీ చూడలేదు. నిటారుగా కూర్చుని మగ్గెత్తి తాగేసింది. "ఎక్కడికి బేటీ?" అంటే, "పనికి, దాయీ" అంది. అమ్మా అన్నట్టు. మేం పిలిస్తే పోలీసు వచ్చాడు. ఆ ఆడమనిషి నవ్వుతూ కార్డు చూపించింది. దాని మీద వేసిన వయసు లెక్కన ఫూల్‌మతి మేజరైపోయింది. నా ఇష్టంతోనే వెళ్తున్నానని పిల్ల ఒప్పజెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. పోలీసు చేతులెత్తేశాడు.

పైడమ్మత్త ఇంకో మగ్గు నీళ్ళు పోసి ఇచ్చింది, ఆ కాస్త ఆలస్యమైనా చాలన్నట్టు. పిల్ల మగ్గు పట్టుకుని ఉండగానే బండి కదిలింది. తాడు బిగిసింది. ఆవిడ బండితో నడిచింది, తరవాత పరిగెత్తింది. "తాడు ఒగ్గీ అత్తా" అని నేను వెనకాల పరిగెడుతున్నాను. ఆవిడ వదల్లేదు. పిల్లే వేళ్ళు తెరిచింది. మగ్గు ప్లాట్‌ఫారం మీద పడి దొర్లింది. ఫూల్‌మతి మొహం అప్పుడు చూశాను. అందులో ఏమీ లేదు.

పైడమ్మత్త కింద కూర్చుని మణికట్టు నిమురుకుంటూ, "నానే నేర్పినాను సూరమ్మా, ఎవరికేసీ సూడకని. ఆళ్ళూ అదే నేర్పినారు. ఇంక నాను దేన్ని బట్టి పోల్చుకుంటాను" అంది.

ఆ తరవాత కూడా వేసవి వేసవికీ వెళ్ళింది. నీళ్ళు పోసేది, కళ్ళు చూడడం మానేసింది. గౌరి పేరుతో ఎవరినీ కర్మ చెయ్యనివ్వలేదు, వస్తుందనీ అనలేదు. "బతికుందంటే ఏ బతుకో అని బయం, లేదంటే నోరు రాదు. ఏడవడానికైనా ఏదో ఒకటి తెలియాలి గదే" అనేది. మంచాన పడ్డాక నేనే చెంచాతో నీళ్ళు పట్టేదాన్ని. పోయే ముందు మగ్గూ తాడూ నా వైపు జరిపింది. ఇప్పుడు వేసవిలో వాటిని పట్టుకుని నేను వెళ్తున్నాను. ఆవిడ మానేసిన పని కూడా నేను చేస్తాను, కళ్ళు చూస్తాను. చూసి ఏం తెలుసుకుంటానో నాకు తెలియదు.

ఇదంతా పింకీకి చెప్పలేదు. "మా పక్కింటావిడ" అన్నాను. అది మళ్ళీ సినిమా పెట్టుకుంది. ఆఖర్న ఆ పిల్ల తల్లిని చేరుకుంది. పాట వచ్చింది. నేను చింతపండు పక్కన పెట్టి లేచి కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి పింకీకి ఇచ్చాను. టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే అందుకుని, ఎవరి మొహమూ చూడకుండా గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు నాకిచ్చింది. ఒకప్పుడు పిల్లలు అలా తాగుతుంటే నా కడుపు నిండేది. ఇప్పుడు, ఆ రోజు ఫూల్‌మతీ అలాగే తాగిందని గుర్తొచ్చి, గ్లాసు పట్టుకుని పింకీ మొహం కేసి చూస్తూ అక్కడే నిలబడిపోయాను.