పాకంలో ముంచిన ఖాకీ

మీరెప్పుడైనా రెండు వందల మంది చూస్తుండగా, వేలు కూడా కదపకుండా, చీమలకు ఫలహారంగా నిలబడ్డారా? నిలబడలేదు కదా. అయితే మీ జీవితం సాఫీగానే సాగిందన్నమాట. నేను నిలబడ్డాను. అదీ ఎవరో చేసిన కుట్ర వల్ల కాదు. పూర్తిగా నా సొంత తెలివితో, నా సొంత చేతులతో ఏర్పాట్లన్నీ చేసుకుని మరీ నిలబడ్డాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెప్తాను, నవ్వుకోండి. నాకేం బాధ లేదు, ఎందుకంటే చివరికి గెలిచింది నేనే.

అప్పుడు నేను కామారెడ్డిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇల్లు ఎల్లారెడ్డిలో. పొద్దున బస్సెక్కి కాలేజీకి పోవడం, సాయంత్రం బస్సెక్కి ఇంటికి రావడం, రాగానే మా మేనమామ నర్సింలు మిఠాయి దుకాణంలో పనికి దిగడం. తూకం వేయడం, పొట్లాలు కట్టడం, బోగాన్లు తోమడం అన్నీ నావే. అమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపేది. నా చదువు, నా బస్సు, నా బూట్లు అన్నీ ఆ దుకాణం మీదే నడిచేవి.

ఇది చాలదన్నట్టు కాలేజీలో క్యాడెట్‌గా చేరాను. ఖాకీ యూనిఫాం, నల్ల బూట్లు, సావధాన్, విశ్రామ్, ఎండలో గంటల తరబడి నడక. మూడేళ్లు ఆ ట్రైనింగ్ చేసి ఆఖరి పరీక్ష పాసైతే ఒక సర్టిఫికెట్ ఇస్తారు. పోలీసు కొలువుకు అది అక్కరకొస్తుంది. నాకేమో ఊహ తెలిసినప్పటి నుంచీ పోలీసు కావాలని పిచ్చి. మా గల్లీలో దొంగా పోలీసు ఆట ఆడితే దొంగగా ఉండటానికి ఒక్కనాడూ ఒప్పుకున్నదాన్ని కాదు.

చిక్కెక్కడంటే, పరేడ్ ఆదివారం. పెళ్లిళ్లూ ఆదివారమే. పెళ్లంటే లడ్డూలు, లడ్డూలంటే మా దుకాణం, దుకాణమంటే నేను. ఆదివారం లగ్గం పెట్టుకున్న ప్రతి జంట మీదా నాకు సొంత పగ ఉండేది. మూడు ఆదివారాలు వరసగా పరేడ్‌కు ఎగనామం పెట్టాక జనార్దన్ సార్ నన్ను పిలిచారు. ఆయన మా లెక్చరరు, పరేడ్ చూసేదీ ఆయనే. క్లాసులో వెన్నలాంటి మనిషి, గ్రౌండ్‌లోకి వచ్చారంటే వేరే మనిషి.

“ఏందమ్మా స్వరూపా, నీ హాజరు గిట్లున్నది?”

“దుకాణంల లగ్గాల ఆర్డర్లుండె సార్.”

“లడ్డూల ముచ్చట నాకెందుకు? పరీక్ష ఫారం మీద సంతకం పెట్టేది నేను. గింత హాజరుకు ఎట్ల పెట్టమంటవ్?”

“ఒక్క అవకాశం ఇయ్యుండ్రి సార్. మీ కాల్మొక్త.”

ఆయన కాసేపు గడ్డం గీరుకున్నారు. “వచ్చే ఆదివారం కల్నల్ సార్ ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నరు. నిన్ను ముందు వరుసల నిలబెడత. యూనిఫాం మీద ఒక్క ముడత కనబడద్దు. సావధాన్ అన్నంక రెప్ప కొట్టుడు తప్ప ఇంకో కదులుడు ఉండద్దు. కల్నల్ సార్ మెచ్చుకుంటే సంతకం పెడత. వంక పెడితే నీ పేరు కొట్టేస్త. మళ్ల ఏడ్వద్దు.”

“ఏడ్వ సార్!”

“ఇంకోటి. సార్లకు చాయ్‌తోని పెట్టేటందుకు మీ మామ దుకాణం గులాబ్ జాములు పట్టుకరా. మస్తుంటయని అందరు చెప్తున్నరు.”

చూశారా, ఒక్క ఆదివారానికి నా భవిష్యత్తూ, మా మామ పరువూ రెండూ ఒకే బస్సెక్కాయి.

శనివారం కాలేజీకి సెలవు. పొద్దున్నే దుకాణంలో చేరిపోయాను. చేయాల్సినవి మూడు. ఒకటి, మామకు సాయం. రెండు, యూనిఫాంకు గంజి. మూడు, సోమవారం రాజనీతి శాస్త్రం పరీక్ష ఉంది, దానికి చదువు. తెలివైన వాళ్లు ఒకదాని తర్వాత ఒకటి చేస్తారు. నేను మరీ తెలివైన దాన్ని కాబట్టి మూడూ ఒకేసారి మొదలుపెట్టాను.

అమ్మ తన చీరలకు బియ్యం గంజి పెట్టేది. కల్నల్ అంతటి మనిషి వస్తుంటే బియ్యం గంజి ఏం మర్యాద? సగ్గుబియ్యం ఉడకబెట్టాను, పలచన చేశాను, బట్టలో వడగట్టాను. నిగనిగలాడుతున్న నా గంజిని చూసి నాకే ముద్దొచ్చింది. మామ పక్కనే గులాబ్ జాములకు పాకం పట్టి దించాడు. రెండూ ఒకే రకం బోగాన్లలో, రెండింటి మీదా ఒకే రకం మూతలు, పొడుగు పొయ్యి గట్టు మీద పక్కపక్కనే. రెండూ గోరువెచ్చగా, రెండూ నీళ్లకంటే కాస్త చిక్కగా. కవల పిల్లలు కూడా అంత అచ్చుగుద్దినట్టు ఉండరు.

మామకు అప్పుడు విపరీతమైన పడిశం. తుమ్ముతూ తుమ్ముతూనే చెప్పాడు. “పిల్లా, ఎడమ దిక్కుది పాకం, కుడి దిక్కుది నీ గంజి. యాదుంచుకో.”

“ఉంచుకున్న మామా.”

ఉంచుకున్నాను కూడా. దేవుని మీద ప్రమాణం చేసి చెప్తున్నాను, ఒక్క అక్షరం మర్చిపోలేదు. కాకపోతే ఇటు పక్క పొగ వస్తోందని పుస్తకం పట్టుకుని పొయ్యికి అవతల పక్కకు పోయి కూర్చున్నాను. అవతలికి పోతే ఎడమ కుడి అవుతుందని డిగ్రీ చదివే పిల్లకు తెలియదా? తెలుసు. మూడేళ్లు ‘దాయే ముడ్, బాయే ముడ్’ అంటూ గ్రౌండ్ అరగదీసిన పిల్లకు మరీ బాగా తెలియాలి. ఏం చేస్తాం, అప్పుడు నా బుర్ర నిండా రాజ్యాంగం ఉంది.

“పిల్లా, పాకం ఇటు జరుపు!” అన్నాడు మామ, వేయించిన జాములు జల్లిగంటెతో తీస్తూ.

పుస్తకంలోంచి తలెత్తకుండా నా ఎడమచేతి వైపు బోగాని జరిపాను. మామ జాములన్నీ అందులోకి వదిలి, మూత పెట్టి, మళ్లీ తుమ్మాడు. నేను కుడిచేతి వైపు బోగాని ఎత్తుకుని పెరట్లోకి పోయి, ప్రాథమిక హక్కులు అప్పజెప్పుకుంటూ షర్టూ ప్యాంటూ ముంచి, పిండి, తీగ మీద ఆరేశాను.

చేతులు జిగటగా అనిపించాయి. ‘సగ్గుబియ్యం మహిమ!’ అనుకున్నాను. రెండు ఈగలు వచ్చాయి, తోలాను. నాలుగు వచ్చాయి, వాటినీ తోలాను. ఇస్త్రీ చేస్తుంటే పెట్టె బట్టకు అంటుకుపోయింది, మాడిన చక్కెర వాసన గుప్పుమంది. మిఠాయి దుకాణంలో చక్కెర వాసన రాకపోతే చేపల వాసన వస్తుందా? పైన తడిగుడ్డ వేసి పని కానిచ్చాను. తీరా చూస్తే ప్యాంటు గోడకు ఆనించకుండానే తనంతట తాను నిలబడింది. మడతలు కత్తుల్లా ఉన్నాయి, బట్టంతా మెరుపు. ఇంటి నుంచి అమ్మను పిలిచి చూపించాను.

“అవ్వో! గిది బట్టనా, రేకా?” అంది అమ్మ. నా ఛాతీ ఉప్పొంగింది.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సు. ఒక చేతిలో గులాబ్ జాముల స్టీలు డబ్బా, రెండో చేతితో పైన కడ్డీ. కూర్చుంటే ముడతలు పడతాయని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా నిలబడే వచ్చాను. లింగంపేటలో ఎక్కిన ఒక అవ్వ బస్సు కుదుపుకు నా మోచేయి పట్టుకుంది. పట్టుకున్న చేయి వెంటనే రాలేదు.

“ఏంది బిడ్డా, నీ అంగి గిట్ల అంటుకపోతుంది?”

“గంజి అవ్వా. ఎక్కువైంది.”

అవ్వ చేయి ముక్కు దగ్గర పెట్టుకుని నన్ను కిందికీ మీదికీ చూసింది. “గంజికి యాలకుల వాసన ఏందే?”

“డబ్బాల గులాబ్ జాములున్నయి అవ్వా. గా వాసనే” అన్నాను. నాకంత నమ్మకం మరి. ఆ రోజు నన్ను హెచ్చరించిన ఒకే ఒక్క మనిషి ఆ అవ్వ. నేను పట్టించుకోలేదు.

గ్రౌండ్‌లో జనార్దన్ సార్ నన్ను చూసి ఒక్క క్షణం నోరు తెరిచారు. “శెభాష్! యూనిఫాం అంటే ఇది” అని, ముందు వరుసలో సరిగ్గా మధ్యలో నిలబెట్టారు. కల్నల్ సార్ జీపు వచ్చింది. “సావధాన్!” కేక పడింది. మడమలు కలిశాయి.

ముందు ఈగలొచ్చాయి. ఈగలదేముంది, ఎవరి మీదైనా వాలతాయి. తర్వాత ఒక తేనెటీగ వచ్చి నా పేరు బిళ్ల మీద తీరిగ్గా కూర్చుంది. ఎండ ఎక్కుతున్న కొద్దీ షర్టు కరగడం మొదలైంది. అప్పుడు ఎడమ బూటు మీద చక్కిలిగింత. తల దించకూడదు కాబట్టి కళ్లు మాత్రం దించాను. ఎర్ర చీమలు. గడ్డిలోంచి బయల్దేరి, బూటెక్కి, ప్యాంటు మడత పట్టుకుని పైకి వస్తున్నాయి. ఒక వరస, దూరం తప్పకుండా, అడుగు తప్పకుండా. నిజం ఒప్పుకుంటున్నాను, ఆ రోజు గ్రౌండ్‌లో అందరికంటే బాగా కవాతు చేసినవి అవే.

పక్కన నిలబడ్డ నా దోస్తు సునీత పెదవులు కదపకుండా గొణిగింది. “స్వరూపా, నీ మెడ మీద చీమలే!”

“తెలుసు.”

“దులుపుకో!”

“దులుపుకుంటే నా పేరు కొట్టేస్తడు. సప్పుడు చెయ్యకు.”

మొదటి చీమ మోకాలి దగ్గర కుట్టింది. రెండోది నడుము. ఆ తర్వాత లెక్క వదిలేశాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దులుపుకోవడానికి ఒక్క క్షణం చాలు, ఆ ఒక్క క్షణంతో మూడేళ్లు మట్టి కొట్టుకుపోతాయి. అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి, బీడీ ఆకులతో నల్లబడి పగిలిన వేళ్లు. పళ్లు బిగబట్టి ఎదురుగా ఉన్న జెండా కర్రనే చూస్తూ నిలబడ్డాను. కుట్టుకోండే, ఎన్ని కుడతారో కుట్టుకోండి అనుకున్నాను.

కల్నల్ సార్ ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి నా ముందు ఆగారు. వంగి షర్టు చూశారు. ఇంకాస్త వంగి చీమల వరసను కింది నుంచి మీది దాకా చూశారు. జనార్దన్ సార్ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. కల్నల్ సార్ హిందీలో మాట్లాడారు, నేను తెలుగులో చెప్తాను.

“ఎంతసేపటి నుంచి కుడుతున్నాయి?”

“పరేడ్ మొదలైనప్పటి నుంచి, సార్!”

“మరి కదలలేదేం?”

“ఇంకా విశ్రామ్ చెప్పలేదు, సార్!”

ఆయన వెనక్కి తిరిగి గ్రౌండ్ అదిరేలా అరిచారు. “అందరూ ఈ అమ్మాయిని చూడండి! క్రమశిక్షణ అంటే ఇదీ!” తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, తండ్రిలా అన్నారు. “విశ్రామ్, బేటీ. పోయి దులుపుకో.”

నేను పరుగెత్తిన పరుగుకు ఆ రోజు స్టాప్‌వాచ్ పట్టుకున్న వాళ్లు లేకపోవడం దేశానికి నష్టం. కుళాయి కింద కూర్చుని, చీమలు వదిలాక, తడి బట్టలతోనే సంచిలోంచి ఫోన్ తీశాను. మామ నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. తిరిగి చేశాను.

“పిల్లా, నా ఇజ్జత్ పోయిందే!” మామ లబోదిబోమన్నాడు. “జాములు సప్పగున్నయి! ఒకాయన అయితే, ‘నర్సింలూ, గివి జాములా, జరమొచ్చినోనికి పోసే జావల నానేసిన బోండాలా’ అని రోడ్డు మీద లొల్లి పెట్టిండు. నిన్న నువ్వు జరిపిన బోగానిల ఏముండెనే?”

నా చేయి దానంతట అదే కాలర్ మీదికి పోయింది. వేలు నోట్లో పెట్టుకున్నాను. అంత నీళ్లు పోసుకున్నా ఇంకా తీపి పోలేదు. ఆ పరిస్థితిలోనూ ఒక మాట చెప్పాలి, మా మామ పాకం అద్భుతంగా ఉంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున రాగానే చాయ్ గదిలో ఇచ్చేసిన స్టీలు డబ్బా!

చాయ్ పెట్టిన గదిలోకి పరుగెత్తాను. “వద్దు సార్! తినకుండ్రి!” అని కేకేసుకుంటూ గుమ్మంలో ఆగాను. కల్నల్ సార్ చెంచా అప్పటికే నోట్లో ఉంది. ఆయన నమిలారు. ఆగారు. మళ్లీ నమిలారు. జనార్దన్ సార్ నా ఫారం చేతిలో పట్టుకుని, పెన్ను మూత తీసి, ఆయన ముఖంలోకే చూస్తున్నారు.

“ఇందులో తీపి ఏది?” అన్నారు కల్నల్ సార్.

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఒళ్లంతా దద్దుర్లతో, జిగట కారుతున్న యూనిఫాంతో ఏం అబద్ధం చెప్తాను? “సార్, తీపంతా నా అంగి మీదున్నది. గంజి మీ గిన్నెల ఉన్నది” అని పొయ్యి గట్టు దగ్గర నుంచి మొత్తం కక్కేశాను. జనార్దన్ సార్ పెన్ను మూత మెల్లగా మళ్లీ పెట్టేశారు.

కల్నల్ సార్ ముఖం ఎర్రబడింది. భుజాలు కదిలాయి. కోపమనుకున్నాను. నవ్వు! కళ్లు తుడుచుకుంటూ, గిన్నె ముందుకు చాపుతూ అన్నారు. “బేటీ, నాకు షుగర్ వచ్చి పదేళ్లయింది. మా ఇంటావిడ గులాబ్ జామ్ పేరెత్తనివ్వదు. పదేళ్ల తర్వాత భయం లేకుండా తింటున్న మొదటిది ఇదే. ఇంకో రెండు వెయ్యి!”

నాలుగు తిన్నారు. జనార్దన్ సార్ పెన్ను మూత మళ్లీ తీశారు. సంతకం ఎంత గట్టిగా పెట్టారంటే, కాగితం వెనక్కి తిప్పితే తడిమి చదవొచ్చు.

పరీక్ష పాసయ్యాను. సర్టిఫికెట్ వచ్చింది. ఆ తర్వాత కొలువూ వచ్చింది. ఇప్పుడు నేను వేసుకునే ఖాకీకి జీతం కూడా ఇస్తున్నారు. అమ్మ బీడీల చాట అటక మీదికి ఎక్కించేసింది. మామ మాత్రం ఇప్పటికీ నన్ను పొయ్యి దరిదాపులకు రానివ్వడు.

ఆ రోజే కుళాయి దగ్గర, దద్దుర్లు గోక్కుంటూ, భూమ్యాకాశాల సాక్షిగా ఒక ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఏ గిన్నెలోనైనా సరే యూనిఫాం ముంచే ముందు వేలు ముంచి, నాకి, రుచి చూడనిదే ముంచను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు. మొన్న ఆదివారమూ చూశాను.

సర్ఫు నీళ్లు. అయినా సరే, మాటంటే మాటే.