పెద్దమ్మ చూపుడువేలు

బంగారు గనులు మూసేసినా, బంగారం తీశాక పోసిన మట్టి, ఆ సైనైడ్ దిబ్బలు మాత్రం మా ఊరిని వదల్లేదు. గాలి లేచిందంటే చాలు, ఆ తెల్లటి దుమ్ము కిటికీ సందుల్లోంచి దూరి మా క్వార్టర్స్‌లో ప్రతి వస్తువు మీదా పేరుకునేది. చేతిలో తడిగుడ్డ లేకుండా నేను అమ్మను చూసింది తక్కువ. ఆమె అసలు పోరు దుమ్ముతో కాదు, శ్రీనివాసపురంలో ఉన్న వాళ్ళ అక్కతో. మామిడితోటల ఇంటి కోడలైన మా పెద్దమ్మ, మా ఇంటికి ఎప్పుడొచ్చినా కొంగుతో కుర్చీ దులిపిగానీ కూర్చునేది కాదు. ఆ దులుపుడు అమ్మకు గుండెల్లో గుచ్చుకునేది.

నేను క్యామ్‌కార్డర్ కొన్న ఏడాది, వరలక్ష్మీ వ్రతం వీడియో తీసి పెద్దమ్మ ఇంట్లో అందరి ముందూ వేయించాలని అమ్మ పంతం పట్టింది. ముందురోజు షార్ప్‌నెస్ చివరిదాకా పెంచి, ఇల్లూ, అందులో తిరుగుతున్న అమ్మనూ కాస్త తీసి టీవీలో చూపించాను. అమ్మ చీర జరీ పోగుపోగూ కనబడుతోందని నేను మురిసిపోతుంటే, ఆమె మొహం మాడిపోయింది.

"ఇదేందిరా, ఇల్లంతా పిండి చల్లినట్టుండాది! తగ్గించు."

"జరీ కనపడదమ్మా."

"పోతే పోనీ. దుమ్ము పోవాల."

తగ్గించాను. దుమ్ము మాయమైంది. ఇన్నేళ్ళ తడిగుడ్డ చేయలేని పని ఒక్క బటన్ చేసిందని నాన్న అన్నారు. ఆ పూట ఆయనకు కాఫీ ఆలస్యమైంది.

ఇక స్కాన్ మోడ్, అంటే కెమెరా బొమ్మను పట్టే పద్ధతి. ప్రోగ్రెసివ్‌లో బొమ్మ మొత్తం ఒకేసారి పడుతుంది. ఆపి చూస్తే కదలకుండా నిలుస్తుంది గానీ, మనిషి నడుస్తుంటే కుదుపుగా ఉంటుంది. ఇంటర్లేస్డ్‌లో గీత విడిచి గీత పడుతుంది. నడక సాఫీగా ఉంటుంది, ఆపితే మాత్రం బొమ్మ వణుకుతుంది. కుదుపు చూసి అమ్మ, "నేనేమన్నా కుంటుకుంటా నడస్తానా?" అంది. ఇంటర్లేస్డే ఖాయమైంది.

వ్రతం అయ్యాక ఒక ఆదివారం పెద్దమ్మ ఇంట్లో టీవీ ముందు చేరాం. పూజ, హారతి బాగా వచ్చాయి. తాంబూలాలు ఇస్తున్న అమ్మ వెనకాల, తీసేటప్పుడు నేను గమనించని దృశ్యం ఒకటి వచ్చింది. పెద్దమ్మ అటూ ఇటూ చూసి, మా బీరువా మీద చూపుడువేలితో రాసి, ఆ వేలు వెలుతురులోకి ఎత్తి చూసుకుంటోంది.

గది గొల్లుమంది. పెద్దమ్మ తగ్గలేదు. "చూసినాను, ఏమిప్పుడు? వేలంతా తెల్లగా అయింది."

"అబద్ధం! నువ్వు వచ్చే ముందే ఆ బీరువా తుడిచినాను. ఆపరా ఆడ, అక్క వేలు చూపించు!" అంది అమ్మ.

ఆపాను. వేలు రెండుగా చీలి గడగడ వణికింది. అందరూ టీవీకి ముక్కులు ఆనించి చూశారు. ఆ మసక బొమ్మలో వేలికి దుమ్ముందో లేదో ఎవరికీ తేలలేదు. వడలు తెస్తానంటూ పెద్దమ్మ గెలిచినదానిలా లేచి వెళ్ళింది. అమ్మ కళ్ళలో నీళ్ళు చూసి నాకు నవ్వు ఆగిపోయింది, నిజంగా బాధేసింది.

మరుసటి ఏడు వ్రతం రోజు, పెద్దమ్మ ఇంకా వీధిలో ఉండగానే అమ్మ నా దగ్గరికి వచ్చింది.

"షార్ప్ పూర్తిగా పెంచు. ఆపితే కదలకుండా నిలిచేది ఉండాదే, అది పెట్టు."

"దుమ్మంతా కనపడుతుందమ్మా. నీ నడక కూడా..."

"కనపడనీ, కుంటనీ. నువ్వు ఇంగ యాడికీ పోవద్దు, బీరువా దగ్గరే నిలబడు."