పదకొండు రోజులు వెనక్కి నడిచిన కారు

ఒక డ్రైవింగ్ టీచరమ్మ తన కారును ఏడాది పాటు వెనక్కే నడిపింది. బజారుకి వెనక్కి, పెళ్ళికి వెనక్కి, పెట్రోలు బంకుకి వెనక్కి. కిలోమీటర్ల మీటరు కూడా వెనక్కి తిరిగి తిరిగి, చివరికి ఆ కారు షోరూములోంచి అప్పుడే దిగినంత కొత్తదైపోయింది.

సరే, ఏడాది అనడం కాస్త ఎక్కువే. పదకొండు రోజులు. పెళ్ళికి వెళ్ళలేదు. ఇంటి నుంచి కారు నేర్పే మైదానానికి, మైదానం నుంచి ఇంటికి, అంతే. మీటరు సంగతి మాత్రం వదులుకోవడానికి మనసు రావడం లేదు. తక్కినదంతా జరిగిందే.

టీచరమ్మకి యాభై నాలుగేళ్ళు, కారుకి ఇరవై రెండు. ఇంజను ముందుండి, వెనక చక్రాలు తోసే పాతకాలపు బండి. పక్క సీటు కింద ఆవిడ కాలికి అందేలా విడిగా ఒక బ్రేకు. రోజూ పొద్దున్నే అట్టముక్క మీద రాసుకున్న జాబితా పట్టుకుని కారు చుట్టూ తిరిగేది. ఇంజను ఆయిలు, రేడియేటరులో నీళ్ళు, బ్రేకు ఆయిలు, టైర్లలో గాలి, లైట్లు. ఒక్కరోజు తప్పలేదు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ ఆవిడ చెప్పే మంత్రం ఒకటే: "వెనక చూసుకో!"

ఆ రోజు స్టీరింగు ముందు పళ్ళ డాక్టరు కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. లైసెన్సు పరీక్షలో మూడుసార్లు తప్పాడు, మూడుసార్లూ రెండు కర్రల మధ్యకి వెనక్కి పెట్టమన్నచోటే. నాలుగో పరీక్షకి ఇంకా పన్నెండు రోజులుంది.

"మేడమ్, వెనకనుంచి ఏదో కుయ్యిమంటోంది. అచ్చం మా డ్రిల్లులాగా."

"దాని గొంతే అంత డాక్టరు గారూ. మీరు రోడ్డు చూడండి."

మలుపు తిరుగుతుండగా సీటు కింద ఠంగుమని మోగింది. తర్వాత గరగర. ఆవిడ బ్రేకు తొక్కేసింది.

మెకానిక్కు ఆవిడకి పాతికేళ్ళుగా అన్నయ్య వరస. కారును జాకీల మీదికెత్తి, వెనక చక్రాల మధ్య ఇనప కుండలా వేలాడే డిఫరెన్షియల్ కింద పళ్ళెం పెట్టి బిరడా విప్పాడు. లీటరు ఆయిలు కారాల్సిన చోట, చెంచాడు నల్లటి ముద్ద జారిపడింది. అందులో వెండిపొడిలా ఇనపరజను మెరిసింది.

"దీంట్లో ఆయిలు ఎప్పుడు మార్చావు చెల్లెమ్మా?"

"దాంట్లో కూడా ఆయిలుంటుందా?"

ఆయన పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు. "ఇంజను తిప్పేది వెనక చక్రాలకి అందించేది ఇదే కదమ్మా! మలుపులో ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరగనిచ్చేదీ ఇదే. ఇరవై రెండేళ్ళు దీన్ని ఎండగట్టావా?"

ఆవిడ ఇంటికి పోయి కారుతో వచ్చిన పుస్తకం తీసింది. జాబితా అందులోంచే ఎత్తి రాసుకుంది. చూస్తే రెండు పేజీలు ఎప్పుడో ఒలికిన టీకి అంటుకుపోయి ఉన్నాయి. డిఫరెన్షియల్ ఆయిలు ఆ రెంటి మధ్య దాక్కుంది. ఊరందరికీ వెనక చూసుకోమని చెప్పిన మనిషికి తలకొట్టేసినట్టయింది.

ఇక ఖర్చు. కొత్తది బిగిస్తే, ఈ కారు అమ్మితే వచ్చే దానికంటే ఎక్కువవుతుంది. పాతకార్లు విప్పి అమ్మే చోట ఇలాంటిదే ఒకటుంది, సగంలో పోతుంది. స్కూలు బోర్డు మార్చడానికి దాచుకున్న సొమ్ము అందుకే సరిపోతుంది. కానీ అది చేరడానికి పదకొండు రోజులు పడుతుంది.

"అప్పటిదాకా ముందుకి నడపకు. ఏ మలుపులోనో చక్రాలు బిగుసుకుపోతాయి" అన్నాడు మెకానిక్కు. ఆవిడ ముఖం చూడలేక, ఓదార్పుగా ఇంకోమాట కలిపాడు. "ఈ గేరు పళ్ళకి ముందుకెళ్ళేటప్పుడు ఒక ముఖం పనిచేస్తుంది, వెనక్కెళ్ళేటప్పుడు రెండోది. మొదటిది అరిగి నున్నబడింది కానీ, రెండోది చూడు, చెక్కుచెదరలేదు. ఇన్నేళ్ళలో నువ్వు వెనక్కెళ్ళింది ఎంతని?"

ఆయన సరదాకే అన్నాడు. ఆవిడ సరదాగా వినలేదు.

ఎందుకంటే బస్టాండు ఎదుట నాలుగు కొత్తకార్లతో కొత్త డ్రైవింగ్ స్కూలు వెలిసింది. ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్ళు ముగ్గురు అప్పుడే అటు జారుకున్నారు. డాక్టరు కూడా ఈసారి తప్పి అక్కడికి పోయాడా, కథ కంచికే. ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళు ఆయన ఏం చెప్పినా వినాలి, ఎదురు చెప్పడానికి వీల్లేదు. నెల తిరిగేసరికి స్కూలుకి తాళమే.

"పోనీ, ఆ కొత్తవాళ్ళనే ఓ కారు అడగరాదూ?" అన్నాడు భర్త.

"అడిగితే ఇస్తారు. నన్ను కూడా అందులో ఉద్యోగానికి పెట్టుకుంటారు. రేపు ఏడింటికి తయారుగా ఉండండి. ఓ ఈల కొనుక్కోండి."

మర్నాడు మెకానిక్కు కొత్త ఆయిలు పోశాక, కారు షెడ్డులోంచి వెనక్కి వచ్చింది. వచ్చి ఆగలేదు. వీధి వెంట వెనక్కే సాగింది. దారి ఖాళీ చేయిస్తూ భర్త ఈల ఊదుతూ నడిచాడు. ఆయన లైబ్రరీ ఉద్యోగంలో ముప్ఫై ఏళ్ళు "ష్, నెమ్మది" తప్ప ఇంకోమాట అనలేదు. మొదటిరోజు ఈల ఆయనకే వినపడనంత మెల్లగా ఊదాడు. నాలుగో రోజుకి, "జరగండీ! జరగండీ! కారు వస్తోంది!" అని వీధి దద్దరిల్లేలా అరుస్తున్నాడు.

"అటు పోతోందా, ఇటు వస్తోందా మాస్టారూ?" అని టైలరు అడిగాడు.

"అదే తేలితే నీకు ముందుగా చెప్తానోయ్!"

మైదానంలో డాక్టరు తిప్పలు చెప్పనలవి కాదు. తల వెనక్కి తిప్పగానే చేతులు ఎటో పోయేవి. మైదానం అంచున గుర్తుకి పెట్టిన ఖాళీ పీపాను రెండుసార్లు గుద్దాడు. ఐదో రోజు టీచరమ్మకి ఓపిక నశించి, "డాక్టరు గారూ, నోట్లో చివరి పన్ను ఎలా చూస్తారండీ? మీరు కూడా లోపలికి దూరుతారా?" అంది.

"చిన్న అద్దం పెట్టి చూస్తామండీ. అద్దంలో చూస్తూనే పనిచేస్తాం."

"మరి నేనెందుకు మీ మెడలు విరుస్తున్నాను! ముందు వెనకెవరూ లేరని ఒకసారి తిరిగి చూసుకోండి. ఆపైన అదిగో మీ అద్దాలు. ఆ కర్ర చివరి పన్ను. తాకకుండా దాని పక్కకి వెళ్ళండి."

డాక్టరు భుజాలు కిందికి దిగాయి. చేతులు వాటంతటవే తిరిగాయి. కారు రెండు కర్రల మధ్యకి వెన్నలో కత్తిలా దిగింది. ఎనిమిదో రోజుకి మైదానమంతా వెనక్కే మెలికలు తిరుగుతున్నాడు.

పదకొండో రోజు సాయంత్రానికి విడిభాగం బిగించేశారు. బిగింపు కూలి బదులు, తన కోడలికి కారు నేర్పమన్నాడు మెకానిక్కు.

పరీక్షరోజు ఆవిడ పిట్టగోడ దగ్గర నిలబడింది. డాక్టరు ఒక్క ఊపున వెనక్కి పెట్టాడు. అధికారి రెండుసార్లు దిగి చూసి, "భేష్! ఇక ముందుకి రండి" అన్నాడు.

డాక్టరు బిక్కమొహం వేశాడు. అలవాటైన చెయ్యి మళ్ళీ వెనక గేరే వేసింది. కర్రల మధ్యనుంచి అవతలికి పోయి, మైదానం చుట్టూ వెనక్కే తిరిగి, సరిగ్గా అధికారి ముందుకే వచ్చి ఆగాడు.

"రమ్మన్నచోటికే వచ్చాను కదండీ?"

అధికారి నవ్వు ఆపుకోవడానికి కాగితాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఈసారి మామూలు మనుషుల్లా రండి."

డాక్టరు గేరు వెతికి వేశాడు. కారు ముందుకి కదిలింది. కుయ్యిమనలేదు. అది కారు గొంతే అనుకున్న టీచరమ్మకి, ఆ నిశ్శబ్దం వింటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం మీద అధికారి సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా, బుగ్గల్లో దూది పెట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆవిడ గేటు తట్టి, "వెనక్కి నడపడం నేర్పేది ఇక్కడేనాండీ?" అని అడిగారు. జారుకున్న ముగ్గురూ కూడా వాళ్ళ వెనకే వచ్చారు.

ఇదంతా చదివి వినిపిస్తే టీచరమ్మ అట్టముక్క పక్కన పెట్టింది. జాబితా చివర కొత్త సిరాతో ఇంకో ఆయిలు పేరు కనిపిస్తోంది. "అంతా అబద్ధం" అంది. "నా కారు ఎప్పుడూ వెనక్కి నడవలేదు, మా ఆయన జన్మలో ఈల ఊదలేదు, ఆ డాక్టరు ఎవరో నాకు తెలీదు. అసలు నా కారుకి డిఫరెన్షియలే లేదు."