ట్రాక్షన్ కంట్రోల్ ఆపిన బండి, వెనుక సీటులో నేను

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు శిరీష టైపు చేస్తోంది. తన తప్పు వచ్చిన చోట వేళ్లు ఆగకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను. మాది హైదరాబాద్ పాతబస్తీ శాలిబండలో తరాల నాటి పాల ఇల్లు. రెండేళ్లుగా పొద్దున పాలు పోసి వచ్చేది శిరీషే, మోటారు సైకిలు మీద, వెనుక రెండు పక్కలా స్టీలు క్యాన్లు తగిలించుకుని. పోయిన వారం మోకాళ్ల మందు కోసం నేనూ ఎక్కి అఫ్జల్‌గంజ్ బయలుదేరాను. నయాపూల్ దగ్గర సిగ్నల్ పడింది. పచ్చలైటు రాగానే వెనుక బస్సువాడు హారన్ కొట్టాడు, పిల్ల కంగారుపడి క్లచ్ ఒక్కసారిగా వదిలి యాక్సిలేటర్ తిప్పింది. ముందు చక్రం గాలిలోకి లేచింది. నేను రోడ్డు మీద, పాలు నా మీద. తుంటి ఎముక విరగలేదు కానీ ఈ రోజుకీ పక్క మీద ఒత్తిగిల్లలేను.

ఇక ఇంట్లో ఒకటే గొడవ. నా కొడుకు మల్లేశ్, అంటే శిరీష నాన్న, బండి అమ్మేస్తానన్నాడు. బండి పోతే పాల లైను మా మరిది మనవడికి పోతుంది, పిల్ల మళ్లీ కొట్టంలో పేడ ఎత్తాలి. అందరూ నా పేరు చెప్పి తీర్పులు చెబుతున్నారు, నన్ను మాత్రం ఎవరూ అడగరు. విని విని విసుగొచ్చింది. శనివారం సాయంత్రం బండి చూడటానికి మనిషి వస్తున్నాడని తెలిసి, ఆ పొద్దున కొడుకును నిలబెట్టి అడిగాను.

“తప్పు బండిదా, పిల్లదా? తెల్సుకోకుండనే అమ్ముతవారా?”

“అమ్మా, నువ్వు ఊకో. ఆడపిల్లకు గంత జోరు బండి ఎందుకు?”

“పడ్డది నేను. నడుము నాది. నేను చూసొచ్చినంక మాట్లాడు.”

పాల తిరుగుడు అయ్యాక తొమ్మిది దాటి మెకానిక్ దగ్గరికి బయలుదేరాం. ఆ తుంటితో బండెక్కే ధైర్యం నాకు లేదు. అందుకని శాలిబండ నుంచి యాకుత్‌పురా స్టేషన్ వైపు షేర్ ఆటోలో వెళ్లాను, పిల్ల ఖాళీ క్యాన్లతో బండి తోలుకుంటూ వెనకాలే వచ్చింది. ఆటోకు ఇరవై రూపాయలు. దూరం తక్కువే, కానీ ఆ గల్లీల్లో ప్రతి గుంటా నా తుంటిని పేరు పెట్టి పిలిచింది. మీరు వెళ్లేట్టయితే పదిలోపే వెళ్లండి. ఆ తర్వాత దుకాణాల ముందు సామాను దిగుతుంది, ఆటో కదలదు, లోపల కూర్చున్నవాళ్ల ప్రాణం విసిగిపోతుంది.

సలీం అనే మెకానిక్ దుకాణం స్టేషన్‌కు కాస్త ఇవతల. మా ఇంటి బండ్లన్నీ ఆయన చేతిలోవే. సంగతి విని నాకు స్టూలు వేసి, శిరీషను అడిగాడు.

“ఆ రోజు ట్రాక్షన్ కంట్రోల్ ఆన్ ఉండెనా, బేటీ?”

పిల్ల నేలచూపులు చూసింది. “బంద్ చేసిన భాయ్. కొట్టం కాడ ర్యాంపు మీద ఎప్పుడూ బంద్ చేస్త.”

మా కొట్టం రోడ్డుకన్నా పల్లంలో ఉంది. పొద్దున కడిగిన నీళ్లు, పేడ కలిసి ర్యాంపు నున్నగా అయిపోతుంది. నిండు క్యాన్లతో ఎక్కుతుంటే వెనుక చక్రం జారుతుంది. జారగానే ఈ ట్రాక్షన్ కంట్రోల్ ఇంజిన్ జోరు కోసేస్తుంది, బండి సగంలో నిలిచిపోతుంది. అందుకని దాన్ని ఆపి, బురద చిమ్ముకుంటూ ఎక్కించడం పిల్లకు అలవాటు. తాళం తిప్పి ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఈ బండిలో ట్రాక్షన్ కంట్రోల్ దానంతటదే ఆన్ అవుతుందట. ఆ రోజు నేను గేటు దగ్గరే ఎదురు చూస్తున్నాను కదా, ఇంజిన్ ఆపకుండానే నన్ను ఎక్కించుకుంది.

“అంటే అది ఆన్ ఉంటే చక్రం లేవకపోవునా?” అన్నాను.

సలీం తల అడ్డంగా ఊపాడు. “గట్ల గ్యారంటీ లేదమ్మా. ఇది రెండు చక్రాల తిరుగుడు చూస్తది. ఎనకది ఎక్కువ తిరిగితే జారుతుందనుకొని జోరు కోస్తది. ముందుది గాల్లకు లేస్తే దాని తిరుగుడు తగ్గుతది, అప్పుడు గూడ కోస్తది. కానీ లేసినంకనే కదా దానికి తెలిసేది! అసలే లేవకుండ ఆపేది పెద్ద బండ్లల్ల వేరే ఉంటది. దీంట్ల లేదు.”

“మాటలొద్దు భాయ్, చూపెట్టు.”

“మిమ్మల్ని ఎక్కించుకొనా? తోబా! మల్లేశన్న నా దుకాణం మూయిస్తడు.”

చివరికి నా బదులు నీళ్లు నింపిన క్యాన్లు కట్టాడు. స్టేషన్ వెనుక ఖాళీ జాగాలో, హెల్మెట్ పెట్టుకుని, ముందు ట్రాక్షన్ కంట్రోల్ ఆపి లాగాడు. వెనుక చక్రం కాస్త మట్టి చిమ్మింది, దానికి పట్టు దొరకగానే ముందు చక్రం మోకాలెత్తు లేచింది. పడ్డప్పుడు నేను చూడలేదు కదా, ఇప్పుడు చూశాను. రెండోసారి ఆన్ చేసి అంతే జోరుగా లాగాడు. మీటరులో పసుపు లైటు టపటపా కొట్టుకుంది, ఇంజిన్ దగ్గినట్టు తడబడింది, చక్రం జానెడు లేచి దబ్బున కింద పడింది. మూడోసారి స్విచ్చు ఆన్‌లోనే ఉంచి, క్యాన్లు విప్పేసి లాగితే ముందు చక్రం నేలను వదల్లేదు.

“చూసిన్రా? బరువంతా ఎనక ఏలాడుతుంటే ముందు తేలికైతది. స్విచ్చు ఏం చేస్తది పాపం!”

అంటే పిల్ల స్విచ్చు మరిచిపోవడం తప్పే. నిండు క్యాన్ల నడుమ నన్ను కూడా ఎక్కించుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. బండిది మాత్రం కాదు. ఇదంతా తేలేసరికి ఎండ నెత్తికెక్కింది, నాకు లేచే ఓపిక లేదు. అయినా లేచాను, ఆ రోజు కొనలేకపోయిన మందు కొనాలి కదా. క్యాన్లు సలీం దగ్గరే వదిలి, తాళం తిప్పి ట్రాక్షన్ కంట్రోల్ ఆన్ చేయించి, పిల్ల వెనుక కూర్చున్నాను. దబీర్‌పురా, దారుల్‌షిఫా మీదుగా నయాపూల్ చేరడానికి అరగంట పైన పట్టింది.

అదే సిగ్నల్. పచ్చలైటు పడింది, బండి కదల్లేదు. పిల్ల క్లచ్ గట్టిగా పట్టుకునే ఉంది. వెనుక హారన్ల మోత. ఆటోవాడొకడు పక్క నుంచి తల బయటపెట్టాడు.

“ఏందక్కా, బండి ఈడనే కట్టేస్తవా?”

“నీకంత తొందరుంటే ఎగురుకుంట పోరాదురా!” అని వాడి నోరు మూయించి పిల్ల వీపు మీద చెయ్యి వేశాను. “లొల్లి వాళ్లది, చెయ్యి నీది. మెల్లగ వదులు బిడ్డా.”

“భయమైతుంది నానమ్మా.”

“నాకూ అయితుంది. పోనియ్యి.”

మెల్లగా వదిలింది. వంతెన దాటాం. అఫ్జల్‌గంజ్‌లో మందులు కొని, చెరొక చాయ్ తాగి, మళ్లీ ఎక్కాం.

ఇంటికొచ్చేసరికి కొనేవాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూసిందంతా మల్లేశ్‌కు చెప్పాను, పిల్ల తప్పులతో సహా. వాడు వినిపించుకోలేదు.

“చక్రం లేసిన బండి ఇంట్ల ఉండొద్దు, అంతే.”

“దీపావళి అయినంక సదర్ పండుగల నువ్వు దున్నపోతును రెండు కాళ్ల మీద లేపితే శాలువ కప్పుతరు. పిల్ల చేతుల చక్రం ఒక్కపారి లేస్తే బండే అమ్ముతవా? నువ్వు దున్నను లేపినప్పుడు దాని వీపు మీద నన్ను కూసోబెట్టినవారా?”

కొనేవాడు నవ్వేశాడు. మల్లేశ్‌కు నవ్వు రాలేదు. కొట్టం వైపు ఓసారి చూసి, “ర్యాంపు గరుకు చేపిస్త,” అన్నాడు. కొనేవాడు చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఈ వయసులో ఒక్క న్యాయమైన మాట ఒప్పించడానికి ఊరంతా తిరగాల్సి వచ్చింది. గెలిచానన్న సంబరం కూడా లేదు, మంచం ఎప్పుడు చేరతానా అనిపించింది. భయం వేసినప్పుడు మనుషులకు ఒక వస్తువును ఇంటి నుంచి గెంటేయడం తేలిక, అసలు ఏం జరిగిందో కూర్చుని చూడటమే కష్టం. మర్నాడు పొద్దున కొట్టం దగ్గర బండి చప్పుడు వినబడింది. ర్యాంపు ఎక్కాక ఇంజిన్ ఆగింది, మళ్లీ స్టార్ట్ అయింది. నేను అటు తిరిగి పడుకోబోయి, తుంటి ఒప్పుకోక ఇటే పడుకున్నాను.

మీకు చెప్పేది ఒక్కటే: వెనుక సామాను వేలాడుతున్న బండి మీద మనిషిని ఎక్కించుకోకండి, ట్రాక్షన్ కంట్రోల్ ఆన్‌లో ఉన్నా సరే.