కరుణత్త మాత్రలు మానలేదు

మా చిన్నప్పుడు... నెల మొదట్లో పోస్టుమాన్ సైకిలు కంచరపాలెంలోని మా సందులోకి తిరిగితే చాలు, మామ్మ చేతిలోని చేట పక్కన పెట్టేసేది. క్రైస్తవ పత్రిక వచ్చే రోజు అది. ఆమెకు చదువు రాదు... నేను అరుగు మీద కూర్చుని మొత్తం పైకి చదవాలి. చుట్టుపక్కల ఆడవాళ్ళూ వచ్చి వినేవారు. నాకు తెలుగు గడగడా చదవడం వచ్చింది ఆ పేజీల వల్లే.

నాన్నగారి చెల్లెలు కరుణత్త మాతోనే ఉండేది. ఆమెకు మూర్ఛలు. పెద్దాసుపత్రి డాక్టరు మాత్రలు రాశాక తగ్గాయి... రోజూ పొద్దున చద్దన్నం తిని, మాత్ర వేసుకుని, కుట్టు మిషను ముందు కూర్చునేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పత్రిక ఎడిటరుగారు వచ్చి, దేవుడు చేసిన మేలు గురించి ఆమె సాక్ష్యం అడిగారు. ప్రార్థన చేయించుకున్నానని, మందులూ వాడుతున్నానని చెప్పింది. ఫొటో తీసుకుని వెళ్ళారు.

మరుసటి నెల పత్రికలో అది నేనే చదివాను... అత్త మాత్రలన్నీ సముద్రంలోకి విసిరేసిందట. ఆ క్షణమే స్వస్థత కలిగిందట.

అత్త మిషను ఆపేసింది. "నాను అలాగ సెప్పలేదు," అంది.

మామ్మ కళ్ళు తుడుచుకుంటూ, "పేపర్లో ఏసినోళ్ళు అబద్దం రాత్తారేటే? నీకే గుర్తు నేదు," అంది. రోజూ కూతురికి మాత్ర వేసుకోవడానికి నీళ్ళు అందించే మనిషి... కళ్ళతో చూసినదాని కంటే అచ్చులో ఉన్నదే ఆమెకు నిజమైపోయింది.

కొన్నాళ్ళకు ఆటోనగర్ నుంచి ఒకామె కూతుర్ని తీసుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పిల్లకూ అదే జబ్బు. పత్రిక చదివి మాత్రలు మానిపించిందట. మూర్ఛ వచ్చి పిల్ల పొయ్యి మీద పడింది... చేతికి మోచేతి దాకా కట్టు.

"నాకు ఇశ్వాసం సాల్లేదేటమ్మా? నువ్వెలాగ ప్రార్దన సేసావో సెప్పు," అని అడిగింది.

అత్త లోపలికెళ్ళి మాత్రల అట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఈ పొద్దున కూడా ఏసుకున్నాను. నీ ఇశ్వాసానికేటీ తక్కువ నేదు. పద, ముందు పిల్లని డాక్టరుకి సూపిద్దాం."

ఆసుపత్రి నుంచి వచ్చాక నాన్న, అత్త ఎడిటరుగారి దగ్గరికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆయన మర్యాదగా టీ ఇప్పించారు. "పదిమందికి విశ్వాసం పెరగాలని అలా రాశామమ్మా. ఇప్పుడు తప్పని వేస్తే దేవుని పనికి మచ్చ," అన్నారు. పిల్ల చెయ్యి కాలిన సంగతి చెబితే, "ప్రార్థన చేస్తాం," అన్నారు... ఆ గొంతులోని మెత్తదనం తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో అత్త లేచి నిలబడింది. "పత్రికలో రాసింది నాను సెప్పింది కాదు. మాత్రలేసుకుంతన్నాను, ప్రార్దనా సేసుకుంతన్నాను. నన్ను సూసి ఎవులూ మందులు మానకండి," అంది. ఒక్కరూ ఆమెన్ అనలేదు. మామ్మ చాలా కాలం ఆమెతో మాట్లాడలేదు. పత్రిక తెప్పించుకోవడం మాత్రం మానలేదు...

నేను ఇప్పటికీ విశ్వాసినే. అందుకే ఇలాంటి అబద్ధాలంటే మరీ అసహ్యం. మొన్న మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక వార్త... షుగరు ఇంజెక్షన్లు మానేసి బాగైపోయిన ఒకాయన సాక్ష్యం. కింద వరసగా ఆమెన్‌లు. "ఆయన్ని ఎవరైనా వెళ్ళి చూశారా?" అని అడిగాను. నన్ను గ్రూపులోంచి తీసేశారు.

దేవుడి పేరుతో అచ్చయిన మాటను అనుమానం లేకుండా చదువుకునే ఆ హాయి నాకు మళ్ళీ రాలేదు... మీ ఇంటికీ ఇలాంటి పత్రిక వచ్చేదా? అందులో మీకు తెలిసినవాళ్ళ గురించి రాసింది ఎప్పుడైనా చదివారా... అది నిజమేనా?