మేకలకు వేసే ఆకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా అత్తగారికి బాగా తెలుసు. తెలిసి కూడా, గుంటూరు నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని మా ఇంటికి వచ్చిన మూడో వారానికే అన్నం పళ్లెం పక్కకు నెట్టేశారు.

"మీ దేశం మట్టిలోనే రుచి లేదమ్మాయ్. నా నోరు చచ్చిపోయింది. టికెట్ ముందుకు మార్పించమను వాణ్ని."

వాడంటే మా ఆయన. ఆవిడ వచ్చింది ఆరు నెలలు ఉందామని.

ఒళ్లు మండిపోయింది నాకు. పన్నెండేళ్లుగా ఈ మట్టి మీదే బతుకుతున్నాం, ఇల్లు కట్టుకున్నాం. ఆ పన్నెండేళ్లనూ పళ్లెంతో పాటు పక్కకు నెట్టేసినట్టు అనిపించింది. పైగా, నిజం చెప్పొద్దూ, ఆవిడ ఉంటే నాకు బాగుంటుంది. పోట్లాడుకోవడానికైనా ఇంట్లో ఓ మనిషుండాలి కదా!

"పందెం, అత్తయ్యా! ఇక్కడి మట్టిలో పండినదాన్ని మీచేత మారు అడిగించుకుని మరీ వడ్డిస్తా. నాలుగు శనివారాలు టైమివ్వండి. నావల్ల కాకపోతే టికెట్ నేనే మారుస్తా."

"చూద్దాంలే నీ గొప్ప" అన్నారు.

చుట్టుపక్కల చూడదగ్గ తోటలు, సంతలు, తిండి పండగల పేర్లన్నీ వేసిన కరపత్రం ఒకటి లైబ్రరీలో దొరికింది. మొదటి శనివారం చీజ్ తయారుచేసే చోటుకు తీసుకెళ్లాను. ముక్క వాసన చూసి, "పెరుగు చెడిపోతే పారబొయ్యరా వీళ్లు?" అన్నారు. రెండో వారం లావెండర్ తోట. అక్కడ ఆ పూలు వేసి చేసే స్కోన్ అనే బన్ను కొరికి, "పిండిలో సబ్బేసి పిసికారా ఏంది?" అన్నారు. మూడో వారం గుమ్మడికాయల పండగ. సూప్ ఒక్క చెంచా తాగి, అది జొరమొచ్చిన మనిషికి పోసే జావ అని తేల్చేశారు.

"టికెట్ల సైట్ తెరిచి పెట్టనా?" అని మా ఆయన ఆటపట్టించడం మొదలుపెట్టాడు. ఆ పూట కాఫీ ఆయనే పెట్టుకున్నాడు.

నాలుగో శనివారానికి కరపత్రంలో మిగిలింది కొండల దగ్గరి రోజెల్లా తోట ఒక్కటే. రోజెల్లా అంటే ఇక్కడివాళ్లు జామ్ చేసుకునే ఎర్రటి కాయ. ఆ జామ్ ఏళ్ల తరబడి టోస్ట్ మీద రాసుకుంటున్నానే గానీ, మొక్క ఎలా ఉంటుందో ఏనాడూ చూసిన పాపాన పోలేదు. గేటు దగ్గర తోటావిడ, అరవై దాటిన తెల్లావిడ, కాయలు కోసుకోమని మా ముగ్గురికీ తలా ఒక బకెట్ ఇచ్చింది. జనం కబుర్లాడుకుంటూ సాళ్ల వెంట కదిలారు.

అత్తగారు మాత్రం మొదటి మొక్క దగ్గరే ఆగిపోయారు. ఎర్రటి కాడ పట్టుకుని చూశారు. ఒక ఆకు తుంచి నమిలారు.

"అమ్మాయ్, ఇది గోంగూర!"

"ఊరుకోండత్తయ్యా" అంటూనే నేనూ ఒక ఆకు నోట్లో వేసుకున్నాను. పులుపు దవడల్లోకి జివ్వుమని ఎక్కింది. గోంగూరే! అచ్చం మన ఎర్ర గోంగూర!

ఇక చూడాలి ఆవిడ చేతులు! కాయలన్నీ వదిలేసి లేత చిగుళ్లు తుంచి బకెట్‌లో పోస్తున్నారు. "ముదురాకు ముట్టుకోబాక!" అని నా మీద కేకలు. తోటావిడ పరుగున వచ్చింది. పాపం ఈవిడకు చెప్పింది అర్థం కాలేదనుకుంది.

"డార్లింగ్, కోయాల్సింది కాయలు. ఆకులు మేము మేకలకు వేసేస్తాం" అని షెడ్డు పక్కన ఉన్న ఆకుల గుట్ట చూపించింది.

నేను ఆ మాట తెలుగులో చెప్పగానే అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "మేకలకా! ఓసి నీ అసాధ్యం కూలా! ఇంత గోంగూర మేకల పాలు చేసిందా!"

"వండి పెడతాం, తిని చూసి అప్పుడు మాట్లాడండి" అని తోటావిడకు ఇంగ్లీషులో చెప్పేశాను. అక్కడే చెట్ల కింద, వచ్చినవాళ్లు మాంసం కాల్చుకునే బార్బెక్యూ పొయ్యి ఉంది. "దాని మీద ఏమేం కాల్చారో ఏమో" అని అత్తగారు వెనక్కి తగ్గారు. పళ్లెంలా ఉన్న ఆ ఇనప రేకు మీద రెండు మడతలు ఫాయిల్ పరిచాను. బయటి తిండి మీద నమ్మకం లేక ఆవిడ ఎక్కడికి వెళ్లినా అన్నం, పెరుగు, నంజుకోవడానికి ఉల్లిపాయా పచ్చిమిరపకాయలూ కట్టుకొస్తారు. ఆ అపనమ్మకమే ఆరోజు మమ్మల్ని గట్టెక్కించింది. ఫాయిల్‌తో పాటు నూనె, ఉప్పు కూడా తోటావిడే ఇచ్చింది. మిరపకాయలు చిటపటలాడాయి, ఆకు మగ్గింది. రోలు లేదుగా, స్టీలు డబ్బాలో వేసి గ్లాసు అడుగుతో నూరేశారు.

మొదటి ముద్ద తోటావిడకే పెట్టారు. ఆవిడ ముఖం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన మంచినీళ్లందించబోయాడు. ఆవిడ ఆ చెయ్యి పక్కకు తోసి, "ఇంకోటి!" అంది. ఆ కేకకు జనం బకెట్లతో సహా మా చుట్టూ మూగారు.

అత్తగారు అప్పుడు కూర్చున్నారు. తల ఎత్తకుండా తిన్నారు. పళ్లెం ఖాళీ అయ్యింది. నేను ఆవిడ ముఖంలోకే చూస్తున్నాను.

"ఏందట్టా చూస్తావు? ఇంకాస్త వడ్డించు."

గెలిచాను! గెంతులేయలేదు గానీ, గరిటె నిండా తీసి మరీ వడ్డించాను. మూడోసారి ఆవిడే వడ్డించుకున్నారు.

తిరుగు ప్రయాణంలో కారు నేను నడుపుతున్నాను. వెనక సీట్లో అత్తగారు, ఒళ్లో ఆకుల సంచీ, చేతిలో తోటావిడ ఇచ్చిన విత్తనాల పొట్లం.

"అయితే టికెట్ ముందుకు మార్చక్కర్లేదా అమ్మా?" అని మా ఆయన అడిగాడు.

"వెనక్కి జరపరా. ఇయ్యి చలి పోయినాక చల్లాలంట. మొలిచి కోతకొచ్చేదాకా నేనెట్టా పోతా?"

నేను ఊరుకోలేకపోయాను. "మట్టిలో రుచి లేదన్నారుగా, అత్తయ్యా?"

"నేనెప్పుడన్నా ఆ మాట! నోరు మూసుకుని బండి పోనీ. పొద్దుగూకే లోపల మన పెరట్లో ఎండ ఏ మూల పడుద్దో చూసుకోవాల."