బకెట్టు చూసే డాక్టరు గారు

రేపల్లె దగ్గర మా ఊరికి మా ముత్తాత మునసబు. తాతగారు ఎదురైతే బండ్లు పక్కకి తప్పుకునేవి. నాన్న నాటికి భూములు తరిగినా పెద్ద సావడి మిగిలింది. అరవైల చివర్లో ఊళ్లో కలరా పుట్టినప్పుడు ఆ సావడిని డాక్టరు గారికి ఇచ్చాం.

ఆయన తెనాలి నుంచి వచ్చారు. కలరా మీద పరిశోధన చేస్తున్నారు. ఒక్కో నులకమంచం నడుమ కన్నం కోయించి, విరేచనాలు పడేలా కింద బకెట్లు పెట్టించారు. వస్తూనే రోగి మొహం చూసేవారు కాదు. వంగి బకెట్టు చూసేవారు.

"నా మొహం చూడరేంటి బాబూ?" అని ఒక ముసలమ్మ దెప్పింది.

"నీ మొహం ఎక్కడికీ పోదులే మామ్మా. ఒంట్లోంచి పోయిన నీళ్లన్నీ మళ్లీ ఎక్కించాలి. ఎన్ని పోయాయో బకెట్టే చెబుతుంది."

ఆమె బతికింది. సావడిలో చాలామంది బతికారు.

మా తమ్ముడికి తగిలినప్పుడు నాన్న వాణ్ణి లోపలి గదిలో, తాతగారి పందిరిమంచం మీద పడుకోబెట్టారు.

"సావడిలోకి తీసుకురండి. లేదంటే ఈ మంచానికి కన్నం కోయనివ్వండి," అన్నారు డాక్టరు గారు.

"కూలోళ్ల పక్కన మావాడా? కుదరదండి. మంచం జోలికి రాకండి," అన్నారు నాన్న.

ఆడవాళ్లు తడిసిన దుప్పట్లు మారుస్తూనే ఉన్నారు. డాక్టరు గారు అలవాటుగా వంగి మంచం కిందకి చూశారు. అక్కడ ఏమీ లేదు. అంచనా మీద సెలైన్ ఎక్కించారు. అది చాలలేదు. సాయంత్రానికి తమ్ముడు పోయాడు.

సావడిలోని కొలతలతో ఆయన పరిశోధన తరవాత అచ్చయిందని బాపట్లలో ఎవరో చెప్పారు. తమ్ముడు అందులో ఉండడు. వాడికి కొలత లేదు.

పిట్టలవానిపాలెంలో వాడి పేరున ఉన్న మాగాణి వాడు పోయిన ఏడే అమ్మేశాం. ఇప్పుడు పొలం కాగితాల్లోనూ వాడి పేరు లేదు.